బావి నిండుగానే ఉంది, చాంతాడే సన్నం: మోటార్‌హోమ్‌లో ఇండక్షన్ వంట లెక్క

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు లోపల కరెంటు, నీళ్లు, మురుగునీటి గొట్టం మూడూ దొరికే క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటే, ఫిషింగ్ బ్రిడ్జ్. అక్కడ మోటార్‌హోమ్ (వంటిల్లూ పడకలూ ఉన్న బండి) కేబుల్ లాగి స్తంభానికున్న పెట్టెలో గుచ్చి, ఇండక్షన్ స్టవ్ మీద కుక్కర్ పెడితే పప్పు ఇంట్లో ఉడికినట్టే ఉడుకుతుంది. మర్నాడు మకాం మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌కి మారుతుంది. అదే స్టవ్, అదే కుక్కర్, అదే కందిపప్పు. బటన్ నొక్కితే మాత్రం స్టవ్ మీద చిన్న దీపం కూడా వెలగదు. విచిత్రమేమిటంటే బండిలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, కుళాయి తిప్పితే పంపు గుర్రుమంటుంది, పైకప్పు ఫ్యాను తిరుగుతుంది. మరి కరెంటు ఉన్నట్టా, లేనట్టా?

ఉన్నట్టే, లేనట్టే. మోటార్‌హోమ్‌లో కరెంటు రెండు రకాలు. లైట్లు, పంపు, ఫ్యాను, హీటర్‌లో గాలి ఊదే ఫ్యాను బండి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల మీద నడుస్తాయి. గోడకున్న ప్లగ్గులు, మైక్రోవేవ్, ఏసీ అమెరికా ఇళ్లలోలాగే 120 వోల్టుల మీద నడుస్తాయి. ఈ రెండోది బయటి స్తంభం నుంచైనా రావాలి, జనరేటర్ నుంచైనా రావాలి, లేదా బ్యాటరీ కరెంటును మార్చి ఇచ్చే ఇన్వర్టర్ నుంచైనా రావాలి. అద్దెకిచ్చే చాలా మోటార్‌హోమ్‌లలో స్టవ్ మోయగల ఇన్వర్టర్ ఉండదు. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు బండి అద్దెకు తీసుకుని, ఇంట్లోని ఇండక్షన్ స్టవ్ కూడా సామాన్లలో వేసుకుని బయల్దేరే తెలుగు కుటుంబాలకు ఈ సంగతి సాధారణంగా రెండో రోజు సాయంత్రం తెలుస్తుంది.

సొంత బండి కొనుక్కుని, లేదా ఖాళీ వ్యాన్ కొని లోపల ఇల్లు కట్టుకుని తిరిగేవాళ్ల ప్రశ్న వేరు. గ్యాస్ స్టవ్ పీకేసి ఇండక్షన్ పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుంది? చాలామంది ఈ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. అసలు ఇబ్బంది అక్కడ లేదు.

లెక్క కరెంటు బిల్లు భాషలో చూద్దాం. యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు గంటసేపు వాడే కరెంటు. 20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్లను మరిగించడానికి కావలసిన వేడి 93 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో పదో వంతు కన్నా తక్కువ. ఇండక్షన్ స్టవ్ తీసుకున్న కరెంటులో దాదాపు 85 శాతం గిన్నెకు చేరుతుంది కాబట్టి ప్లగ్గు దగ్గర 110 వాట్ అవర్లు అవుతుంది. ఇదే పద్ధతిలో నలుగురి భోజనానికి లెక్క కడితే అన్నానికి 110, కుక్కర్‌లో పప్పుకు 140, ఒక కూరకు 180, పోపుకూ చారుకూ కలిపి 70, చివర నాలుగు కప్పుల టీకి 80. అంతా కలిపి 580 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పదో వంతు పోతుందనుకుంటే బ్యాటరీ నుంచి 640 దాకా దిగుతుంది. ముప్పావు యూనిట్ కూడా కాదు. ఇప్పుడు బళ్లలో ఎక్కువగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 100 ఆంప్ అవర్లది, అంటే 100 ఆంపియర్లను గంటసేపు ఇవ్వగలది ఒకటి తీసుకుంటే అందులో 1.28 యూనిట్లు పడతాయి. సరిగ్గా సగం బ్యాటరీతో ఇంటిల్లిపాదీ భోజనం చేసి టీ తాగవచ్చన్నమాట.

అంత తేలికైతే మరి ఇన్వర్టర్లు ఎందుకు కూతలు పెడతాయి, ఫ్యూజులు ఎందుకు పోతాయి? బావిలో నీళ్లు చాలినన్ని ఉన్నాయి, చాంతాడే సన్నం. అమెరికాలో మామూలుగా దొరికే ఒంటి ఇండక్షన్ స్టవ్ గరిష్ఠంగా 1800 వాట్లు లాగుతుంది. 120 వోల్టుల ప్లగ్గు దగ్గర అది 15 ఆంపియర్లు. అదే 1800 వాట్లను 12 వోల్టుల బ్యాటరీ నుంచి తేవాలంటే, ఇన్వర్టర్ నష్టం కలుపుకుంటే, 155 ఆంపియర్ల పైన ప్రవహించాలి. దానికి బొటనవేలంత లావు రాగి కేబుల్ కావాలి. బిగింపు దగ్గర ఒక్క నట్టు వదులైనా అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. బ్యాటరీకి దగ్గరలోనే పెద్ద ఫ్యూజు ఉండాలి, కేబుల్ వీలైనంత పొట్టిగా ఉండాలి. ఇండియాలో వాడే 230 వోల్టుల స్టవ్ తెచ్చి, దానికి తగ్గ ఇన్వర్టర్ పెట్టినా ఈ లెక్క మారదు. బ్యాటరీ వైపు అదే 155. కేబుల్ మందం నిజంగా తగ్గాలంటే బ్యాటరీనే 24కో 48 వోల్టులకో మార్చాలి. 24 అయితే ప్రవాహం సగం, 48 అయితే పావు.

పాత సీసం బ్యాటరీలకు ఈ బరువు అసలు పొసగదు. అమెరికా ట్రెయిలర్లలో, మోటార్‌హోమ్‌లలో గోల్ఫ్ బళ్లకు వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి పెట్టడం ఏళ్ల తరబడి నడిచిన ఆనవాయితీ. వాటి మీద రాసిన సామర్థ్యం 20 గంటల పాటు నెమ్మదిగా తోడితే వచ్చేది. 150 ఆంపియర్లతో ఒక్కసారిగా గుంజితే ఆ సామర్థ్యం బాగా తగ్గిపోతుంది, వోల్టేజీ కూడా కూలబడుతుంది. బ్యాటరీలో ఇంకా సగం ఉండగానే ఇన్వర్టర్ వోల్టేజీ పడిపోయిందని కీచుమని ఆగిపోతుంది. కుక్కర్ విజిల్ రాకముందే ఇన్వర్టర్ విజిల్ వేస్తుంది. లిథియం బ్యాటరీ అలా కూలబడదు గానీ దానికీ కాపలాదారు ఉంటాడు. లోపలి రక్షణ సర్క్యూట్ చాలా 100 ఆంప్ అవర్ల బ్యాటరీలలో 100 ఆంపియర్లు దాటనివ్వదు. అందుకే ఒక్క బ్యాటరీతో 1800 వాట్లు లాగాలని చూస్తే బండి మొత్తం చీకటవుతుంది, కాసేపటికి తిరిగొస్తుంది. రెండు పక్కపక్కన కలిపితే ఆ గొడవ ఉండదు.

ఇక్కడే చాలామంది పట్టించుకోని సుళువు ఒకటుంది. మోటార్‌హోమ్ గ్యాస్ స్టవ్ బర్నర్లు ఇంటి బర్నర్లంత పెద్దవి కావు. గంటకు 6500 నుంచి 9000 బీటీయూ, అంటే సుమారు 2 నుంచి 2.6 కిలోవాట్ల మంట. అందులో గిన్నెకు చేరేది 40 శాతం దాకా, మిగతాది గిన్నె పక్కల నుంచి పైకి పోతుంది. నికరంగా గిన్నెకు అందేది 800 నుంచి 1000 వాట్లు. ఇండక్షన్ స్టవ్‌ను 1000 వాట్ల దగ్గర పెడితే గిన్నెకు 850 అందుతాయి. అంటే ఆ గ్యాస్ స్టవ్‌తో ఇంచుమించు సమానం. బ్యాటరీ నుంచి లాగేది 87 ఆంపియర్లు. ఒక్క బ్యాటరీ కూడా అభ్యంతరం చెప్పదు. లీటరు నీళ్లు మరగడానికి 1800 దగ్గర మూడున్నర నిమిషాల పైన పడితే 1000 దగ్గర ఆరున్నర నిమిషాలు పడుతుంది. ఖర్చయ్యే యూనిట్లు మాత్రం దాదాపు అంతే. సన్నని తాడుతో చిన్న బొక్కెన వేసి రెండుసార్లు తోడుకోవడం లాంటిది. కంపెనీలు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే 1800ను చూసి పెద్ద ఇన్వర్టర్, పెద్ద కేబుల్, అదనపు బ్యాటరీ కొనేవాళ్లలో చాలామందికి మూడు నిమిషాల ఓపిక సరిపోయేది.

తక్కువ మంట విషయంలో మాత్రం మోసం ఉంది. చౌక స్టవ్‌లు 500, 600 వాట్ల కింద నిజంగా తగ్గవు. రెండు క్షణాలు పూర్తిగా వెలిగి, నాలుగు క్షణాలు ఆగి, మళ్లీ వెలిగి సగటున 200 వాట్లు అనిపిస్తాయి. పాలు కాచేటప్పుడు ఇది కంటికి కనబడుతుంది. పొంగబోతాయి, అణుగుతాయి, మళ్లీ పొంగబోతాయి. బండిలో అయితే లైట్లు కూడా దానితో పాటు మినుకుమంటాయి. పులుసు సన్నసెగన మగ్గాలనుకునేవాళ్లు స్టవ్ కొనేముందు తక్కువ సెట్టింగ్‌లో అది ఆగకుండా పనిచేస్తుందో లేదో కనుక్కోవాలి. గరిష్ఠ వాట్ల కన్నా ఈ సంగతే ముఖ్యం.

బ్యాటరీని తినేసే దొంగ ఒకడు వంటకు సంబంధం లేకుండా ఉంటాడు. 2000 వాట్ల ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉంటేనే 20 వాట్లదాకా తాగుతుంది. ఒక పగలూ రాత్రీ వదిలేస్తే 480 వాట్ అవర్లు. అన్నం, పప్పు, కూర వండుకోగలిగేంత కరెంటు ఎవరూ తినకుండానే పోతుంది. వంట కాగానే దాన్ని ఆపడం అలవాటు చేసుకున్న ఇంట్లో రెండో బ్యాటరీ అవసరం చాలాసార్లు రాదు.

వంటకు ఖర్చయిన కరెంటు మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది? సోలార్ పలకల పేరు అందరూ ముందు చెబుతారు. పైకప్పు మీద 400 వాట్ల పలకలుంటే మంచి వేసవి ఎండలో రోజుకు యూనిట్‌కు పైనే వస్తుంది. కానీ మాడిసన్ లాంటి చోట క్యాంప్‌సైట్లు పైన్ చెట్ల నీడలో ఉంటాయి. మనుషులకు కావలసింది నీడ, పలకలకు కావలసింది ఎండ. దానికన్నా నమ్మకమైనది బండి ఇంజనే. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి వంటకూ లైట్లకూ వాడే బ్యాటరీకి 40 ఆంపియర్ల ఛార్జర్ పెట్టుకుంటే గంట ప్రయాణానికి అర యూనిట్ చేరుతుంది. ఫిషింగ్ బ్రిడ్జ్ నుంచి కాన్యన్, నోరిస్ మీదుగా మాడిసన్‌కు 40 మైళ్ల పైచిలుకు. గేదెల్లాంటి బైసన్లు రోడ్డుకు అడ్డం నిలబడడం అక్కడ మామూలే, అప్పుడు ప్రయాణం ఇంకా సాగుతుంది. రాత్రి భోజనం కరెంటు దాదాపుగా దారిలోనే పోగవుతుంది. రోజూ కాస్తో కూస్తో బండి నడిపేవాళ్లకు ఇండక్షన్ వంట హాయిగా సాగడానికి, ఒకేచోట వారం పాటు మకాం వేసేవాళ్లకు సాగకపోవడానికి కారణం ఇదే. అమెరికన్లు ఇలా కరెంటు లేని చోట మకాం వేయడాన్ని బూన్‌డాకింగ్ అంటారు. ఆ మాట ఫిలిప్పీన్స్ వాళ్ల తగలోగ్ భాషలో కొండను సూచించే బుందోక్ నుంచి వచ్చింది.

స్తంభం నుంచి కరెంటు ఉన్న చోట ఇండక్షన్‌కు ఎదురులేదనిపిస్తుంది. అక్కడా చిన్న మెలిక ఉంది. అమెరికా క్యాంప్‌గ్రౌండ్లలో 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే మొత్తం 3600 వాట్లు. 50 ఆంపియర్ల కనెక్షన్‌లో 120 వోల్టుల తీగలు రెండు ఉంటాయి కాబట్టి అది 12,000 వాట్లు. పేరులో తేడా 20 కనబడినా నిజంలో మూడు రెట్లకు మించి. 30 కనెక్షన్ ఉన్న బండిలో ఏసీ ఒక్కటే 1500 వాట్ల దాకా లాగుతుంది. దానికి 1800ల స్టవ్ తోడైతే 3300. అప్పుడే స్నానానికని ఎవరో వేడినీళ్ల స్విచ్ వేస్తారు, మరో 1400 వాట్లు. స్తంభం దగ్గర బ్రేకర్ టప్పుమంటుంది. ఇంకో సంగతి, చాలా బళ్లలో వంటగట్టు ప్లగ్గులన్నీ ఒకే లైను మీద ఉంటాయి. పక్కపక్క ప్లగ్గుల్లో ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్ పెట్టి రెండూ ఒకేసారి నడపడం కుదరదు. ఐరోపాలో ఇరుకు ఇంకా ఎక్కువ. ఫ్రాన్స్‌లో చాలా క్యాంప్‌సైట్లలో 6 ఆంపియర్ల కనెక్షనే దొరుకుతుంది. 230 వోల్టుల దగ్గర అది 1380 వాట్లు మాత్రమే. అక్కడి వాళ్లు స్టవ్‌ను 1200 దగ్గర పెట్టి, కెటిల్ ఆపి, అప్పుడు వండుకుంటారు.

జనరేటర్ దారి ఉంది గానీ అది అంత ముచ్చటైనది కాదు. క్లాస్ సీ అనే మధ్యరకం అద్దె బళ్లలో మామూలుగా 4000 వాట్ల పెట్రోలు జనరేటర్ ఉంటుంది. సముద్రమట్టం నుంచి ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి దాని బలం తగ్గుతుంది. ఎల్లోస్టోన్ ఎత్తులో అది 4000 ఇవ్వలేదు. పైగా మాడిసన్‌లో జనరేటర్ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకానే నడపనిస్తారు. వేసవిలో అక్కడ తొమ్మిది దాకా వెలుగుంటుంది. పిల్లలు వాగు దగ్గర నుంచి లేచిరారు, పెద్దలకు తొమ్మిదికి గానీ ఆకలి వేయదు. జనరేటర్ మీద ఆధారపడితే మన భోజనాల వేళ అమెరికా వేళకు మారాల్సిందే.

ఇవన్నీ విన్నాక గ్యాసే నయం కదా అనిపిస్తే అందులో నిజం లేకపోలేదు. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌లో 9 కిలోల గ్యాసు, అందులో 125 యూనిట్ల వేడి ఉంటుంది. సగానికి పైగా వృథా పోయినా గిన్నెకు అందే వేడిని బ్యాటరీల్లో దాచాలంటే 100 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీలు నలభై పైనే కావాలి. నిల్వలో గ్యాసును కొట్టేది బండిలో ఏదీ లేదు. పైగా చాలా అమెరికా బళ్లలో గది హీటర్, వేడినీళ్ల ట్యాంకు, కొన్నిటిలో ఫ్రిజ్ కూడా ప్రొపేన్ మీదే నడుస్తాయి. స్టవ్ ఒక్కటి మార్చినంత మాత్రాన సిలిండర్ దిగదు. గ్యాసు బాధ్యత పూర్తిగా వదిలించుకోవాలంటే హీటర్‌ను డీజిల్‌కు మార్చడం లాంటి పెద్ద పని పెట్టుకోవాలి. అమెరికా తూర్పు తీరాన ఉన్న బాల్టిమోర్ నగరపు రోడ్డు సొరంగాల్లో పెద్ద ప్రొపేన్ సిలిండర్లున్న బళ్లను పోనివ్వరు. ఆ దారిన తరచూ తిరిగేవాళ్లకు గ్యాసు లేని బండి వల్ల చుట్టు తిరుగుడు తప్పుతుంది. మిగతా వాళ్లకు అది పెద్ద లాభం కాదు.

గ్యాసు మండితే తేమ పుడుతుంది, కిటికీలు చెమర్చి బూజు పడుతుంది అని ఇండక్షన్ పక్షం వాళ్లు తరచూ చెబుతారు. ఇది సగం నిజం. కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. కానీ ఒక పూట వంటకు కాలేది 90 గ్రాములు. దాని నుంచి వచ్చే తేమ ఒక టీగ్లాసు. మూత లేకుండా మరిగే చారు గిన్నె అంతకన్నా ఎక్కువ తేమ వదులుతుంది, అది ఏ స్టవ్ మీదైనా ఒకటే. గ్యాసు వద్దనడానికి గట్టి కారణం వేరు. పడకగదీ వంటగదీ ఒకటే అయిన చోట మంట వల్ల వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, గాలి చాలక మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువులు. చలి రాత్రి కిటికీలన్నీ బిగించి, వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించి పడుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. రెండో కారణం వేడి. ఒకే వంటకు గ్యాసు బండి లోపల వదిలే వేడి ఇండక్షన్ వదిలేదానికి రెట్టింపు. అరిజోనా ఎండల్లో ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

ఇంతవరకూ లెక్కలు అమెరికన్ వంటకైనా మన వంటకైనా ఒకటే. గిన్నెల దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. ఇండక్షన్ స్టవ్ అద్దం కింద ఉండే రాగి చుట్టలో కరెంటు క్షణానికి వేల సార్లు దిశ మార్చుకుంటుంది, మామూలుగా 20,000కు పైన. దాని అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులోనే కరెంటు సుడులు పుట్టిస్తుంది, ఆ సుడుల వల్ల అడుగు వేడెక్కుతుంది. అందుకు గిన్నె అడుగు అయస్కాంతానికి అతుక్కునే లోహమై ఉండాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న సామాన్లలో ఈ పరీక్ష తప్పేవే ఎక్కువ. మామూలు అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. రాగి అడుగున్న స్టీలు గిన్నె పనికిరాదు. మెరిసే స్టీలు గిన్నెల్లో కూడా అయస్కాంతం అంటనివి బోలెడు. ఫ్రిజ్ మీద అతికించే బొమ్మ ఒకటి తీసి ప్రతి గిన్నె అడుగునా పెట్టి చూస్తే బయల్దేరకముందే తేలిపోతుంది.

అయస్కాంతం అంటినంత మాత్రాన చాలదు. పోపు గరిటె ఇనుముదే అయినా స్టవ్ దాన్ని గుర్తుపట్టదు. దాని అడుగు మూడు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. చాలా స్టవ్‌లకు కనీసం 10, 12 సెంటీమీటర్ల అడుగు కావాలి, లేకపోతే గిన్నె పెట్టలేదని మొరాయిస్తాయి. పోపు పెట్టే పద్ధతే మార్చుకోవాలి. బల్లపరుపు అడుగున్న చిన్న స్టీలు గిన్నెలో నూనె పోసి, 800 వాట్లకు మించకుండా పెట్టి, ఆవాలు ముందే చేతిలో ఉంచుకోవాలి. గ్యాసు మీద నూనె కాగిందా అని రెండు ఆవాలు వేసి చూసేంత తీరిక ఉంటుంది. ఇండక్షన్ మీద పలుచని నూనె పొర 1800 దగ్గర నిమిషంలోపే పొగ కక్కుతుంది. ఆవాలు చిటపటమనగానే స్టవ్ ఆపేయాలి. మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ ఆ అడుగు వేడికే వేగిపోతాయి, కరివేపాకు చివర. ఆపకుండా ఎండుమిర్చి వేస్తే ఘాటు బండినంతా కమ్మేస్తుంది, నెత్తిమీదే ఉన్న పొగ అలారం అరుస్తుంది, పక్క సైటు వాళ్లు తలుపు తడతారు. పోపుకు ముందు పైకప్పు ఫ్యాను వేసి, స్టవ్ పక్క కిటికీ కాస్త తెరవడం నియమంగా పెట్టుకోవాలి. మంట లేదు కాబట్టి నిప్పు భయం లేదనుకోవడమూ పొరపాటే. కాగిన నూనె ఏ స్టవ్ మీదైనా అంటుకుంటుంది.

గుండ్రటి అడుగు మూకుడు సంగతి చెప్పనక్కర్లేదు, అది అద్దం మీద నిలవనే నిలవదు. దోసె పెనం నిలుస్తుంది, అయస్కాంతమూ అంటుతుంది, కానీ దోసె సరిగా రాదు. చిన్న స్టవ్‌లలో వేడి పుట్టించే చుట్ట వెడల్పు పెనం కన్నా బాగా తక్కువ. పోత ఇనుము వేడిని పక్కలకు నెమ్మదిగా పాకిస్తుంది. నడిమి భాగం మాడుతుంటే అంచులు పచ్చిగా ఉంటాయి. 500 వాట్ల దగ్గర పెట్టి ఎనిమిది పది నిమిషాలు ఖాళీ పెనాన్ని కాగనిస్తే తేడా తగ్గుతుంది. కానీ ఆ కరెంటు కూడా లెక్కలోదే. బండిలో పేపర్ దోసెలు మరిచిపోయి అరచేతి కన్నా కాస్త పెద్ద అట్లు పోసుకోవడం మేలు. గ్యాసు మంట దగ్గర మనం ఆలోచించకుండా చేసే పనులు మరో మూడున్నాయి. అప్పడం కాల్చడం, పుల్కాను మంట మీద పొంగించడం, పచ్చడికి వంకాయ కాల్చడం. ఈ మూడూ ఇండక్షన్ మీద కుదరవు. అప్పడం మైక్రోవేవ్‌లో కాలుతుంది. పుల్కాను పెనం మీదే గుడ్డతో అదిమి పొంగించవచ్చు. వంకాయకు మాత్రం బండిలో ప్రత్యామ్నాయం లేదు.

మన వంటకు బండిలో అసలైన ఆస్తి స్టవ్ కన్నా కుక్కర్. ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర నేల 2240 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో నీళ్ల వేడి అంతకు మించదు, కందిపప్పు గంట గడిచినా పలుకుగానే ఉంటుంది. ఇంట్లో కుక్కర్ లోపల 120 డిగ్రీలకు చేరే వేడి అక్కడ 116 దాకా వస్తుంది, అది చాలు. రెండు విజిళ్లు ఎక్కువ వేయించమని కొందరు చెబుతారు. ప్రతి విజిల్‌తో బయటకు పోయేది మీరు బ్యాటరీ నుంచి కొన్న ఆవిరే. అంతకన్నా మంచి పద్ధతి పప్పును గంటసేపు నానబెట్టి, 1000 వాట్ల మీద మొదటి విజిల్ రాగానే 300కు దించి, పది నిమిషాల తర్వాత స్టవ్ ఆపి, కుక్కర్‌ను చెక్క పలక మీదకు మార్చి తువ్వాలు చుట్టి వదిలేయడం. ఆవిరి తనంత తాను దిగేసరికి పప్పు మెత్తబడుతుంది, ఆలోగా అదే స్టవ్ మీద కూర అయిపోతుంది. ఒకే పొయ్యి ఉన్న వంటింట్లో ఈ వరుస తెలియకపోతే కరెంటు ఎంత ఉన్నా భోజనం పదింటికే. ఆవిరి ఉన్న కుక్కర్‌తో బండి కదిలించకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దల్లో ఎవరికైనా గుండెకు పేస్‌మేకర్ ఉంటే వాళ్లు వెలుగుతున్న ఇండక్షన్ స్టవ్‌కు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఇంట్లో అది సమస్య కాదు. బండిలో వంటగట్టుకూ సోఫాకూ మధ్య దారే అంత ఉంటుంది. ఆ పూట గరిటె మరొకరి చేతికి ఇవ్వాలి.

ఇండక్షన్‌కు దక్కాల్సిన మెచ్చుకోలు ఒకటి ఎవరూ పెద్దగా చెప్పరు. బండిలో కరెంటు కన్నా కరువు నీళ్లకు. గ్యాస్ స్టవ్ మీద చారు పొంగితే బర్నర్లు విప్పి, కడ్డీలు తీసి కడగాలి. ఇండక్షన్ అద్దం చుట్టూ ఉన్నది వేడెక్కదు కాబట్టి పొంగిందేదీ అంటుకుపోదు, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. మూడు రోజులు ఒకే ట్యాంకు నీళ్లతో గడపాల్సిన చోట ఈ లాభం చిన్నది కాదు.

ఇక ఆ వంకాయ. మాడిసన్‌లో ప్రతి సైటు దగ్గరా ఇనుప వలయం కట్టిన మంటగుంట ఉంటుంది, మీద ఊచల జల్లెడ ఉంటుంది. మంటలకు అనుమతి ఉన్న రోజు అయితే నూనె రాసిన వంకాయను దాని మీద పెట్టి నాలుగు వైపులా తిప్పుతూ కాల్చవచ్చు, బ్యాటరీ నుంచి ఒక్క వాట్ కూడా పోదు. తొక్క చిట్లి వంకాయ కూలబడ్డాక గిన్నెలో వేసుకుని బండిలోకి తేవాలి. తొక్కలూ తొడిమలూ సంచీలో కట్టి లోపలే పెట్టుకోవాలి, ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి వాసన బయట వదలనివ్వరు. లోపల ఇన్వర్టర్ ఆన్ చేసి, చిన్న గిన్నెలో నూనె పోసి, ఫ్యాను వేసి, ఆవాలు చేతిలో పట్టుకుంటే పోపుకు రెండు నిమిషాలు. ఆ తర్వాత ఇన్వర్టర్ ఆపేయాలి.